కడగొట్టు కొడుకు వాటా



ఇంటి పెద్ద వీలునామా రాయకుండా కన్నుమూస్తే ఆయన భూమి ఎవరికి చెందాలి? భార్యకెంత? కొడుకులకెంత? కూతుళ్లకెంత? భూమిని నమ్ముకున్న ప్రతి సమాజమూ ఈ ప్రశ్నకు ఏదో ఒక జవాబు చెప్పుకోక తప్పదు. అమెరికా స్వతంత్ర దేశంగా నిలదొక్కుకుంటున్న తొలి రోజుల్లో, అప్పలాచియన్ కొండలు దాటి జనం పడమరకు తరలిపోతున్న కాలంలో, అక్కడ ఆ జవాబు మారిపోయింది. మారడానికి కాస్త ముందు ఒక కుటుంబం దెబ్బతింది. ఆ తర్వాత రెండు తరాలు భూమి కాగితాలతో పెనుగులాడింది. అది అబ్రహాం లింకన్ కుటుంబం. ఆ కుటుంబాన్ని వెంటబెట్టుకుని వెళితే, అమెరికా సరిహద్దు ప్రాంతాల్లో భూమి ఎలా చేతికొచ్చేదో, ఎలా చేజారేదో, తండ్రి నుంచి పిల్లలకు ఎలా దక్కేదో మనకు తేటగా తెలుస్తుంది.

అధ్యక్షుడు లింకన్‌కు పెట్టింది తాత పేరే. ఆ తాత, కెప్టెన్ అబ్రహాం లింకన్, వర్జీనియాలో రాకింగ్‌హాం కౌంటీ రైతు. కెంటకీ అప్పటికి ప్రత్యేక రాష్ట్రం కాలేదు, వర్జీనియాలో పడమటి భాగం. 1779లో వర్జీనియా భూమి కార్యాలయం తెరిచి, నూరు ఎకరాలకు 40 పౌండ్ల చొప్పున కట్టినవారికి వారంటు ఇస్తామని ప్రకటించింది. 1780 మార్చిలో కెప్టెన్ లింకన్ 160 పౌండ్లు కట్టి 400 ఎకరాలకు వారంటు తీసుకున్నాడు. వారంటు అంటే భూమి కాదు, భూమి ఎంచుకునే హక్కు మాత్రమే. దాన్ని పట్టుకుని అడవిలోకి వెళ్లి నచ్చిన చోటు చూసుకోవాలి. ఆ చోటును పుస్తకంలో నమోదు చేయించాలి. ప్రభుత్వ సర్వేయరు చేత కొలిపించాలి. చివరికి గవర్నరు సంతకంతో పట్టా రావాలి. ఈ నాలుగు మెట్లలో ఏ ఒక్కటి తప్పినా కట్టిన డబ్బుకు, పడ్డ కష్టానికి దిక్కులేదు.

ఆయన పొలాన్ని 1785 మేలో కొలిచారు. ఆ సర్వే కాగితం ఇప్పటికీ ఉంది. అందులో ఇంటిపేరు లింకన్ అని కాకుండా, చెవికి వినబడినట్టు లింక్‌హార్న్ అని రాశారు. లాంగ్ రన్ అనే వాగు పక్కన నిలిచిన ఒక షుగర్ మేపుల్ చెట్టు దగ్గర కొలత మొదలైంది. అక్కడి నుంచి తూర్పుకు 300 పోల్స్ వెళితే మరో గుర్తు చెట్టు. అక్కడి నుంచి ఉత్తరానికి 213 పోల్స్, ఇంకో పోల్‌లో మూడో వంతు. ఆపైన పడమరకు 300, మళ్లీ దక్షిణానికి తిరిగి మొదటి చెట్టు దగ్గరికి. ఒక పోల్ అంటే పదహారున్నర అడుగులు. లెక్క వేసి చూస్తే సరిగ్గా 400 ఎకరాలు. నాలుగు మూలలకూ చెట్లే గుర్తులు.

ఇంగ్లండులో గంటర్ అనే గణితవేత్త 1620 ప్రాంతంలో రూపొందించిన 66 అడుగుల గొలుసు ఆ రోజుల్లో సర్వేయర్ల ముఖ్యమైన పనిముట్టు. నాలుగు పోల్స్ ఒక గొలుసు, పది చదరపు గొలుసులు ఒక ఎకరం. బ్రిటిషు సర్వేయర్లు మన దేశానికి తెచ్చింది కూడా ఈ గొలుసునే. మన సెంటు చదరపు గొలుసులో పదో వంతు. తెలంగాణ రైతు లెక్కించే గుంట చదరపు గొలుసులో నాలుగో వంతు. కాబట్టి కెంటకీ అడవిలో తెగిన ఎకరానికీ మన ఎకరానికీ కొలత ఒకటే.

ఇక అసలు విషయానికి వద్దాం. 1786లో కెప్టెన్ లింకన్ ముగ్గురు కొడుకులతో పొలంలో పని చేస్తుండగా మూలవాసుల దాడిలో తుపాకి గుండు తగిలి చనిపోయాడు. పెద్దకొడుకు మోర్డికైకి పదిహేనేళ్లుంటాయి. రెండోవాడు జొసాయా. కడగొట్టువాడు థామస్‌కు ఎనిమిదేళ్లు. ఇద్దరు ఆడపిల్లలు. భార్య బత్షెబా. చనిపోయేనాటికి ఆయన పేర వేర్వేరు చోట్ల ఐదు వేల ఎకరాలకు పైగా హక్కులున్నాయి. వీలునామా లేదు.

వీలునామా లేకపోతే ఏమవుతుంది? వర్జీనియాలో అప్పటికి ఇంగ్లండు నుంచి వచ్చిన పాత చట్టమే నడుస్తోంది. దాని ప్రకారం భూమంతా పెద్దకొడుకుదే. వితంతువుకు మూడో వంతు మీద బతికున్నంత కాలం అనుభవ హక్కు ఉంటుంది. మిగిలిన పిల్లలకు భూమిలో సెంటు కూడా రాదు. అలా ఐదు వేల ఎకరాల రైతు బిడ్డ థామస్ ఊరూరా తిరిగి కూలి చేసుకుని పెరిగాడు. సంతకం చేయడం తప్ప చదువు పెద్దగా అబ్బలేదు.

దుఃఖం కలిగించే సంగతి ఏమిటంటే, ఆ పాత చట్టాన్ని వర్జీనియా శాసనసభ అప్పటికే రద్దు చేసింది. 1785లోనే కొత్త చట్టం ఆమోదం పొందింది. పిల్లలందరికీ, కొడుకులకూ కూతుళ్లకూ, సమాన వాటా అన్నది. కానీ అది అమల్లోకి వచ్చింది 1787 జనవరి 1న. కెప్టెన్ లింకన్ ఇంకొక్క ఏడాది బతికి ఉంటే థామస్‌కూ అక్కచెల్లెళ్లకూ భూమి దక్కేది.

ఆ కొత్త చట్టం వెనక ఉన్నవాడు థామస్ జెఫర్సన్. దాని మీద చర్చలో జరిగిన ఒక సంభాషణను ఆయన తన ఆత్మకథలో రాసుకున్నాడు. పెండిల్టన్ అనే పెద్దమనిషి జ్యేష్ఠత్వ నియమాన్ని నిలబెట్టాలని ప్రయత్నించి, అది కుదరదని తేలాక, కనీసం పెద్దకొడుక్కి రెండు వాటాలైనా ఇవ్వమని కోరాడు. మనవాళ్లు జ్యేష్ఠ భాగం అనేది ఇలాంటిదే. న్యూ ఇంగ్లండులో, పెన్సిల్వేనియాలో బైబిలు మాట ప్రకారం ఆ పద్ధతి అప్పటికే ఉంది. జెఫర్సన్ చెప్పిన జవాబు సారాంశం ఇది: పెద్దకొడుకు రెండింతలు తినగలిగితే, రెండింతలు పని చేయగలిగితే రెండు వాటాలు ఇద్దాం. శక్తిలో, అవసరంలో తక్కినవాళ్లతో సమానుడే అయినప్పుడు వాటాలోనూ సమానుడే కావాలి. న్యాయశాస్త్రం చదవని రైతుకు కూడా అర్థమయ్యే తర్కం ఇది. ఇంగ్లండులో భూమికి సంబంధించి పెద్దకొడుకు నియమం పూర్తిగా తొలగడానికి 1926 దాకా పట్టిందని గుర్తుంచుకుంటే, ఈ మార్పు ఎంత ముందడుగో తెలుస్తుంది.

అయితే వాటా దక్కినంత మాత్రాన భూమి దక్కినట్టు కాదు. వాటా దేంట్లో అన్నది కూడా తేలాలి. కెంటకీలో అదే తేలలేదు. ఎవరికి వారు తోచిన చోట చెట్లకు గంట్లు పెట్టి కొలిపించుకున్నారు. ఒకరు కొలిపించుకున్న నేల మీదే మరొకరు, ఆ పైన ఇంకొకరు పట్టా పొందారు. ఇంటి కప్పు మీద పెంకు మీద పెంకు పరిచినట్టు హక్కు మీద హక్కు పడింది. గుర్తు చెట్టు గాలివానకు కూలినా, ఎవరో నరికినా సరిహద్దు సాక్షి పోయినట్టే. కెంటకీకి దారి చూపిన డేనియల్ బూన్ స్వయంగా సర్వేయరుగా పని చేశాడు. వేల ఎకరాల హక్కులు కూడబెట్టాడు. అవన్నీ తగాదాల్లో పోగొట్టుకుని 1799లో మిసోరీకి వెళ్లిపోయాడు.

థామస్ లింకన్ కూడా పెద్దవాడై సొంతంగా భూమి కొన్నాడు. 1803లో 118 పౌండ్లకు 238 ఎకరాలు తీసుకున్నాడు. 1814లో అమ్మబోతే సర్వే సరిగా లేక 200 ఎకరాలుగానే అమ్మవలసి వచ్చింది. చేతికి వచ్చింది 100 పౌండ్లు. 1808లో సింకింగ్ స్ప్రింగ్ అనే చోట 200 డాలర్లకు ఇంకో పొలం కొన్నాడు. మరుసటి ఏడాది ఫిబ్రవరిలో కొడుకు అబ్రహాం పుట్టింది అక్కడే. ఆ పొలం మీద పాత యజమానికి రావలసిన బాకీ తగాదాగా మారి అది కోర్టు పాలైంది. మూడోది నాబ్ క్రీక్ పొలం. అక్కడ ఉండగా ఫిలడెల్ఫియా నుంచి దావా వచ్చింది. వేసినవాళ్లు థామస్ మిడిల్టన్ అనే ఆయన వారసులు. పదివేల ఎకరాల పాత పట్టా మాదని, మీరంతా ఖాళీ చేయాలని వాళ్ల వాదన. థామస్‌తో పాటు చుట్టుపక్కల తొమ్మిది మంది రైతులు ప్రతివాదులు. ఆ వారసులు కెంటకీలో నాగలి పట్టినవాళ్లు కారు, చెట్టు కొట్టినవాళ్లు కారు. కాగితం మాత్రం వాళ్ల దగ్గర ఉంది. ఆ దావాలో చివరికి 1818లో తీర్పు థామస్ వైపే వచ్చింది. అప్పటికి ఆయన అక్కడ లేడు. 1816 డిసెంబరులోనే కుటుంబంతో ఒహాయో నది దాటి ఇండియానా వెళ్లిపోయాడు. నాన్న కెంటకీ వదలడానికి బానిసత్వం కొంత కారణమని, ముఖ్య కారణం భూమి హక్కుల చిక్కులేనని 1860లో అబ్రహాం లింకన్ స్వయంగా రాశాడు.

నది అవతల పద్ధతి ఏమిటి? రెండు సంగతులు చూడాలి.

మొదటిది కొలత. 1785 మే 20న అమెరికా కాంగ్రెసు ఒక భూమి శాసనం చేసింది. ముందు ప్రభుత్వం కొలవాలి, తర్వాతే అమ్మాలి అన్నది దాని మూలసూత్రం. ఆరు మైళ్ల పొడవు, ఆరు మైళ్ల వెడల్పుతో టౌన్‌షిప్. దానిలో 36 సెక్షన్లు. సెక్షన్ అంటే చదరపు మైలు, 640 ఎకరాలు. పదహారో సెక్షన్ బడికి. చెట్టు, వాగు, రాయి అనే గుర్తుల బదులు అంకెలు వచ్చాయి. థామస్ లింకన్ 1817లో విన్‌సెన్స్ భూమి కార్యాలయంలో తీసుకున్నది నాలుగో దక్షిణ టౌన్‌షిప్, ఐదో పడమటి వరుస, 32వ సెక్షన్‌లో నైరుతి పావు. ఆ చిరునామా ఆ ప్రాంతంలో ఒకే ఒక్క చోటుకు చెందుతుంది. 160 ఎకరాలు, ఎకరం రెండు డాలర్లు, నాలుగో వంతు సొమ్ము ముందుగా కట్టాలి. మిగతా సొమ్ము కట్టలేక సగం వదులుకున్నాడు. మిగిలిన 80 ఎకరాలకు 1827లో పట్టా అందుకున్నాడు. ఎవరూ సవాలు చేయలేని పట్టా ఆయనకు అదే మొదటిది.

రెండోది వారసత్వం. 1787 జులై 13న వచ్చిన వాయవ్య శాసనం ఒహాయో నదికి ఉత్తరాన ఉన్న ప్రాంతమంతటికీ పరిపాలనా నియమాలు రాసింది. గవర్నరు గురించి, శాసనసభ గురించి చెప్పడానికి ముందే, రెండో పరిచ్ఛేదంలోనే వారసుల సంగతి తేల్చింది. వీలునామా లేకుండా చనిపోయినవారి ఆస్తి పిల్లలందరికీ సమానం. ముందే చనిపోయిన బిడ్డ వాటా ఆ బిడ్డ పిల్లలకు. సొంత తోబుట్టువులకూ సవతి తోబుట్టువులకూ తేడా లేదు. వితంతువుకు భూమిలో మూడో వంతు జీవితాంతం. వీలునామాకు ముగ్గురు సాక్షులు ఉండాలి. అమ్మకం దస్తావేజుకు ఇద్దరు సాక్షులు ఉండాలి, నమోదు అధికారులు నియమితులయ్యాక ఏడాదిలోగా దాన్ని నమోదు చేయించాలి. ఒక ప్రభుత్వం ఇంకా సరిగా నిలబడని అడవిలో మొదట నాటిన రాయి ఇది. నా దృష్టిలో ఆ శాసనం గొప్పతనమంతా ఈ వరుసలోనే ఉంది.

సమాన వాటాలు కాగితం మీద రాయడం తేలిక. నేల మీద పంచడం కష్టం. 80 ఎకరాల పొలానికి ఎనిమిది మంది పిల్లలు. వాళ్లలో ఒకరు ముందే పోయి ఐదుగురు బిడ్డలుంటే ఆ బిడ్డల్లో ఒక్కొక్కరికి నలభయ్యో వంతు. తలా పది ఎకరాలు, రెండు ఎకరాలు చేసుకుంటే ఎవరికీ బతుకు గడవదు. అందుకని ఒక పద్ధతి ఏర్పడింది. ఊళ్లో ఉండి తల్లిని చూసుకునే కొడుకు మిగతావాళ్ల వాటాలు కొనుక్కుంటాడు. వాళ్లు హక్కు విడుదల దస్తావేజు రాసిస్తారు. కొందరు తగిన ధర తీసుకుంటారు, కొందరు ప్రేమాభిమానాలతో అని రాసి ఒక్క డాలరుకే వదులుకుంటారు. అప్పటికే ఇంకా పడమరకు వెళ్లిపోయినవాళ్లు పవర్ ఆఫ్ అటార్నీ పంపిస్తారు. రాజీ కుదరకపోతే విభజన దావా. కోర్టు నియమించిన కమిషనర్లు గొలుసు పట్టుకుని వచ్చి పొలం పంచుతారు, పంచడానికి వీలుకాకపోతే వేలం వేసి డబ్బు పంచుతారు. మైనర్లకు కోర్టు సంరక్షకుణ్ణి పెడుతుంది. ఆ దస్తావేజుల్లో వారసులందరి పేర్లూ, అల్లుళ్ల పేర్లూ, వాళ్లు ఉంటున్న కౌంటీల పేర్లూ వరుసగా ఉంటాయి. అందుకే వంశ చరిత్ర వెతికేవాళ్లు ఇప్పటికీ కౌంటీ రికార్డు గదుల్లో వాటిని తిరగేస్తుంటారు.

భార్య హక్కును కాపాడడానికి ఒక మంచి ఏర్పాటు ఉండేది. భర్త భూమి అమ్మితే, ఆ భూమిలో భార్యకు ముందుముందు రాగల మూడో వంతు హక్కు దానంతటది పోదు. ఆమె వదులుకుంటేనే పోతుంది. అందుకు న్యాయాధికారి భర్తను బయట ఉంచి, ఆమెను ఒంటరిగా అడగాలి. ఇష్టపడి చేస్తున్నావా, ఎవరైనా భయపెట్టారా అని. ఆమె జవాబు దస్తావేజు చివర రాయాలి. పెళ్లయిన స్త్రీకి సొంతంగా ఆస్తి ఉంచుకునే హక్కు కూడా సరిగా లేని కాలంలో, ఆమె మాటను విడిగా వినాలన్న నియమం కొందరు తల్లులకైనా నీడ మిగిల్చింది.

ఆ మూడో వంతు విలువ అబ్రహాం లింకన్‌కు బాగా తెలుసు. కుర్రతనంలో ఇల్లినాయ్‌లో సర్వేయరుగా గొలుసు పట్టినవాడు, తర్వాత లాయరైనవాడు. 1841లో, అప్పటికి ఇల్లినాయ్‌లోనే స్థిరపడిన తండ్రి దగ్గరే 40 ఎకరాలు 200 డాలర్లకు కొని, తండ్రీ సవతి తల్లీ బతికున్నంత కాలం వాళ్లే అనుభవించేట్టు రాశాడు. 1851 జనవరిలో థామస్ చనిపోయాడు. మిగిలిన 80 ఎకరాల్లో తనకు వచ్చిన హక్కును లింకన్ ఒక్క డాలరుకు సవతి తల్లి కొడుకు జాన్ జాన్‌స్టన్‌కు రాసిచ్చాడు. తల్లి మూడో వంతు హక్కుకు లోబడి అన్న షరతు మాత్రం ఉంచాడు. కొద్ది నెలలకే జాన్‌స్టన్ ఆ 40 ఎకరాలు కూడా 300 డాలర్లకు అమ్మేసి, 100 తను తీసుకుని, 200 తల్లి పేర వడ్డీకి పెడతానన్నాడు. నూటికి ఎనిమిది వడ్డీ లెక్కన ఆమెకు ఏడాదికి 16 డాలర్లు. లింకన్ ఒప్పుకోలేదు. ఆ నేల మీద ఆమెకు ఏటా కనీసం 30 డాలర్లు వస్తాయని లెక్క చెప్పి, ఆమె బతికున్నంత కాలం ఆ చెక్క కదలడానికి వీల్లేదని ఉత్తరం రాశాడు. కన్నతల్లి కాదు, పెంచిన తల్లి. ఆమె లింకన్ కంటే ఎక్కువకాలం బతికింది.

1865 ఏప్రిల్‌లో లింకన్ హత్యకు గురయ్యాడు. లాయరై ఉండి, తాతలాగే వీలునామా రాయకుండా పోయాడు. న్యాయమూర్తి డేవిడ్ డేవిస్ ఆస్తి వ్యవహారాలు చక్కబెట్టి, సుమారు లక్షా పదివేల డాలర్లను మూడు సమాన భాగాలు చేశాడు. భార్య మేరీకి ఒకటి, పెద్దకొడుకు రాబర్ట్‌కు ఒకటి, కడగొట్టువాడు ట్యాడ్‌కు ఒకటి. పన్నెండేళ్ల ట్యాడ్ అసలు పేరు థామస్. తాత పేరే. 1786లో ఆ తాతకు లేకుండా పోయిన సమాన వాటా 1865లో మనవడికి ఏ దావా లేకుండా, ఎవరి దయా అక్కర్లేకుండా వచ్చింది. చట్టం బాగుంటే జరిగేది అదే.

ఈ సమానత్వం అందరికీ అందలేదు. ఆ మాట చెప్పకుండా ముగించడం న్యాయం కాదు. వర్జీనియా 1705లో, కెంటకీ 1798లో చేసిన చట్టాలు వారసత్వం విషయంలో బానిసలను స్థిరాస్తిగా లెక్కించాయి. పొలంతో పాటు మనుషులనూ వాటాలు వేశారు. ఒక తల్లి ఒక వారసుడికి, ఆమె బిడ్డ మరో వారసుడికి చెందడం ఆ పంపకాల్లో మామూలు. ఇక లింకన్ తాత కొన్న నేల షానీ, చెరోకీ తెగలవాళ్లు తరతరాలుగా వేటాడిన నేల. చెరోకీల్లో వంశం తల్లి వైపు నుంచి సాగేది, ఇల్లూ చేనూ ఆడవాళ్ల ఆధీనంలో ఉండేవి. 1823లో అమెరికా సుప్రీంకోర్టు మూలవాసులకు నేల మీద నివాస హక్కే తప్ప ప్రైవేటు వ్యక్తులకు అమ్ముకునే హక్కు లేదని తీర్పు చెప్పింది. 1887లో డాస్ చట్టం తెగల ఉమ్మడి భూములను ముక్కలు చేసి కుటుంబ పెద్దకు 160 ఎకరాల చొప్పున ఇచ్చి, మిగులు పేరుతో తక్కిన నేలను వలసదారులకు తెరిచింది. 1887లో 13.8 కోట్ల ఎకరాలున్న మూలవాసుల భూమి 1934 నాటికి 4.8 కోట్లకు పడిపోయింది. దక్కిన ముక్కల్లో కూడా విభజన జరగక, వాటాలు మాత్రం తరతరానికీ చీలి, ఒక్కో చెక్కకు వందల మంది వారసులు తేలారు. బ్లాక్‌ఫీట్ తెగకు చెందిన ఎలూయిస్ కోబెల్ 1996లో ప్రభుత్వం మీద దావా వేసి, 2009లో 340 కోట్ల డాలర్ల రాజీ సాధించింది. అందులో 190 కోట్లు ఈ చిల్లర వాటాలను కొని తిరిగి తెగలకు అప్పగించడానికే కేటాయించారు.

ఈ చరిత్ర అంతా చూశాక నాకు రెండు మాటలు గట్టిగా చెప్పాలనిపిస్తుంది. సమాన వాటా లేని చోట చిన్నవాళ్లకు అన్యాయం జరుగుతుంది. స్పష్టమైన రికార్డు లేని చోట అందరికీ అన్యాయం జరుగుతుంది. ఈ రెండూ కలిసి ఉన్నప్పుడే భూమి ఒక కుటుంబాన్ని నిలబెడుతుంది. టెక్సస్‌లోనో న్యూజెర్సీలోనో ఇల్లు కొంటున్న మన తెలుగువాళ్లు టైటిల్ ఇన్సూరెన్సు కాగితం మీద సంతకం పెడుతుంటారు. 1876లో ఫిలడెల్ఫియాలో మొదలైన ఆ బీమా, వెనకటి యజమాని వారసులు ఎవరైనా ఎప్పుడైనా వచ్చి ఇది మాదంటారేమోనన్న భయానికి జవాబు. ఆ కాగితాన్ని చదివి సంతకం పెట్టండి. ఇక్కడ ఉన్నవాళ్లు మీ పొలం పత్రాల్లో చనిపోయినవారి పేర్లు ఇంకా అలాగే ఉంటే ఈ ఏడాదే మార్పించుకోండి. ఆడపిల్లల వాటా తేల్చి రాయండి. పెద్దలు చేయి సరిగా ఆడుతుండగానే వీలునామా రాయండి. మీరు రాయని మాటను మీ తర్వాత కోర్టులు రాస్తాయి, దాని ఖర్చు మీ పిల్లలు భరిస్తారు.